పెరట్లో పుల్లగా కాసిన కమలా: నాగ్‌పూర్ సంత్రా పుట్టుక, కాయ గుణాలు

రాపూరు తోట | జనవరి 11

సభ్యులందరికీ నమస్కారం. మాది రాపూరు దగ్గర ఒక పల్లె. ఆరేళ్ల క్రితం నిమ్మ మొక్కల కోసం వెళ్లినప్పుడు, ఒక నర్సరీలో నాగ్‌పూర్ కమలా అంటు అని చెప్పిన మొక్కలు కూడా మూడు తెచ్చి ఇంటి వెనుక నాటుకున్నాను. వాటిలో ఒకటి రెండో వేసవిలో ఎండిపోయింది. మిగిలిన రెండూ బాగా గుబురుగా పెరిగి ఈ ఏడు విరగకాశాయి. కాయలు నిమ్మకాయ కంటే కొంచెం పెద్దవిగా, గుండ్రంగా ఉన్నాయి. పండినప్పుడు చక్కటి కమలా రంగు వస్తోంది, తొక్క చేతితోనే సులువుగా ఊడుతోంది, లోపల తొమ్మిది పది తొనలు ఉంటున్నాయి. ఇంతవరకూ కమలాయే అనుకున్నాం. తొన నోట్లో పెట్టుకుంటే మాత్రం మా నిమ్మకాయే నయమనిపించేంత పులుపు.

నిమ్మతోట పక్కన నాటడం వల్ల ఆ పుప్పొడి సోకి కమలా పులిసిపోయిందని మా నాయన అంటున్నారు. అమ్మ ఆ కాయలను చారులో పిండుతోంది, ఇంట్లో అందరికీ ఆ చారు నచ్చింది కూడా. అయినా పిల్లలకు తియ్యటి కమలాకాయలు చెట్టు మీద నుంచి కోసి ఇవ్వాలని ఆరేళ్లు నీళ్లు పోసిన మనసుకు ఇది కష్టంగా ఉంది. అసలైన నాగ్‌పూర్ కమలా ఎలా ఉంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, మా చెట్టుకు ఏమయింది అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నెల్లూరు పండ్ల దుకాణం | జనవరి 11

రాపూరు అన్నగారూ, పాతికేళ్లుగా పండ్ల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి కాయ గురించి నాకు తెలిసింది రాస్తాను. చెట్టు సంగతి పెద్దలు చెబుతారు.

మన ఊళ్లో కమలా అన్న ఒక్క పేరు మీద మూడు రకాల సరుకు అమ్ముడవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకసారి, ఫిబ్రవరి తరువాత మరొకసారి వచ్చేది నాగ్‌పూర్ కాయ. దాని తొక్క పలుచగా, వదులుగా ఉంటుంది. బొటనవేలు దిగేసరికే ఊడి వస్తుంది, కాయను నొక్కితే లోపల తొనలు కదులుతున్నట్టు తెలుస్తుంది. జనవరిలో పంజాబు వైపు నుంచి దిగేది కిన్నో. అది నున్నగా మెరుస్తూ, తొక్క కండకు అంటుకుని, గట్టిగా ఉంటుంది. రసం చాలా ఎక్కువే కానీ గింజలు కూడా ఎక్కువ, రసం తీసి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. మూడోది కూర్గు కాయ. అది మన దాకా తక్కువగానే వస్తుంది, పులుపూ తీపీ కలిసిన రుచి, వాసన బలంగా ఉంటుంది.

చాలామంది కొనుగోలుదారులు మెరుపు చూసి కిన్నోను నాగ్‌పూర్ కాయ అనుకుని తీసుకుంటారు. అడిగినవారికి నేను తేడా చెప్పే అమ్ముతాను. మీరు చెప్పిన కొలతకు నాగ్‌పూర్ కాయ ఉండదు, అది బత్తాయికి కొంచెం తక్కువగా, పిడికిలి నిండుగా ఉంటుంది.

కావలి విశ్రాంత ఉద్యాన అధికారి | జనవరి 12

రాపూరు సోదరులకు. మీ వర్ణన చదవగానే నాకు ఒక అనుమానం కలిగింది, కానీ తేల్చి చెప్పే ముందు మీరు నాలుగు విషయాలు చూసి రాయాలి. మొదటిది, మొగ్గలు, లేత చిగుళ్లు తెల్లగా లేదా పచ్చగా ఉన్నాయా, లేక వాటిలో ఊదా ఛాయ ఉందా? రెండవది, మొదలు దగ్గర నేల నుంచి జానెడు ఎత్తులో అంటు కట్టిన మచ్చ కనిపిస్తోందా, కనిపిస్తే ఇప్పుడున్న కాండం ఆ మచ్చ పై నుంచి వచ్చిందా, కింది నుంచి వచ్చిందా? మూడవది, కొమ్మలు నిటారుగా లేచాయా, కిందికి వాలుతున్నాయా? నాలుగవది, గింజను నిలువుగా చీల్చితే లోపలి పప్పు ఏ రంగులో ఉంది?

ఈలోగా అసలు నాగ్‌పూర్ సంత్రా, అంటే మనం నాగ్‌పూర్ కమలా అనేది, ఎలా ఉంటుందో చెబుతాను. చెట్టు నిటారుగా, దట్టంగా పెరుగుతుంది, అంటు చెట్టుకు ముళ్లు దాదాపు ఉండవు. ఆకు సన్నగా, ఈటె మొనలా ఉంటుంది, ఆకు కాడకు ఇరువైపులా ఉండే రెక్క చాలా ఇరుకు. పంపర పనస ఆకు కాడకు ఉండే వెడల్పాటి రెక్కతో పోల్చి చూస్తే తేడా చప్పున తెలుస్తుంది. పువ్వు తెల్లనిది. కాయ మధ్యరకం పరిమాణంలో, పైనా కిందా కొంచెం అణిగి ఉంటుంది, అయితే తొడిమ దగ్గర మాత్రం తరచుగా చిన్న మెడలా పైకి ఉబికి, దాని చుట్టూ నిలువు గాడులు ఉంటాయి. తొక్కలో నూనె బుడిపెలు కంటికి కనిపిస్తాయి. ఒలిస్తే పది నుంచి పన్నెండు తొనలు, నడుమ ఖాళీగా ఉన్న ఇరుసు, తొనల మీద అల్లుకున్న తెల్లటి పీచు కనిపిస్తాయి. తొన పొర పలుచన, కండ మెత్తన, గింజలు సాధారణంగా ఆరేడుకు మించవు. తీపిని పట్టి నిలిపే మేరకు చిరు పులుపు ఉండటమే ఆ పండు ప్రత్యేకత. తీపి ఒక్కటే చూసుకుంటే మన బత్తాయి చాలు, సంత్రాకు పేరు తెచ్చింది ఆ రెండు రుచుల పొత్తు, తొక్క ఒలిచినప్పుడు వచ్చే ఆ సువాసన.

మీ నాయనగారి మాట గురించి కూడా చెప్పాలి. పక్కచెట్టు పుప్పొడి సోకితే దాని ప్రభావం గింజ లోపలి పిండానికి చేరవచ్చు కానీ, ఆ కాయ కండ రుచిని అది మార్చదు. కండ అంతా తల్లిచెట్టుదే. అందువల్ల నిమ్మతోట మీద నింద వేయనక్కరలేదు.

రాపూరు తోట | జనవరి 14

అధికారిగారికి నమస్కారాలు. ఉదయాన్నే మొదళ్లు తవ్వి చూశాను. మచ్చ ఉంది. మచ్చకు పైన బొటనవేలంత ఎండిన మోడు ఒకటి ఉంది. ఇప్పుడున్న కాండం రెండు చెట్లలోనూ మచ్చకు నాలుగు వేళ్ల కింద నుంచే లేచింది. కొమ్మలు గొడుగులా వాలి ఉన్నాయి. కొత్తగా వస్తున్న చిగుళ్లు, మొగ్గలు ఊదా రంగులో ఉన్నాయి, ఇన్నాళ్లూ అది ఎండ దెబ్బ అనుకున్నాను. గింజలు చిన్నవి, ఒక్కో కాయలో పదికి పైగా ఉన్నాయి, పప్పు లేత ఆకుపచ్చగా ఉంది.

మొదటి వేసవిలో పై భాగం వాడిపోతే చచ్చిపోయాయనుకున్నాం. తరువాత కింది నుంచి చిగురు లేస్తే ప్రాణం నిలిచిందని మా అమ్మ సంతోషించి పసుపు కుంకుమ పెట్టింది.

కావలి విశ్రాంత ఉద్యాన అధికారి | జనవరి 14

ఇక సందేహం లేదు. మీ పెరట్లో ఉన్నది రంగపూర్ నిమ్మ. నర్సరీవారు కమలా కన్ను, అంటే కొమ్మ మీది మొగ్గ, కట్టడానికి వాడిన కింది మొక్క అది. పైన అతికించిన సంత్రా కన్ను మొదటి వేసవిలో ఎండిపోగా, బలమైన వేరు తన సొంత కొమ్మను పంపింది. మొదటి రెండేళ్లు మచ్చకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలని మొక్క అమ్మేటప్పుడే చెప్పవలసింది. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఇలా మోసపోయిన ఇళ్లను నేను నా ఉద్యోగకాలంలో చాలా చూశాను.

రంగపూర్ అన్న పేరు నేటి బంగ్లాదేశ్‌లోని ఊరిది. కరవుకు, ఉప్పునీటికి కొంత ఓర్చుకుంటుంది కాబట్టి మన రాష్ట్రంలో బత్తాయికి దీన్ని వేరుమూలంగా సిఫారసు చేస్తారు, నాగ్‌పూర్ ఉన్న విదర్భలో సంత్రాకు ఎక్కువగా జంబేరి అనే మరో నిమ్మ జాతిని వాడతారు. అంటే మార్కాపురం, పొదిలి వైపు బత్తాయి తోటల్లో ఎన్నో చెట్ల కింద మీ చెట్టే ఉంది, పైకి కనిపించదు అంతే.

వెంకటగిరి వ్యవసాయ విద్యార్థిని | జనవరి 15

పెద్దలకు నమస్కారం. పెట్లూరులోని నిమ్మ పరిశోధన స్థానం మా ఊరికి దగ్గరే కావడం వల్ల చిన్నప్పటి నుంచీ ఈ జాతుల మీద నాకు ఇష్టం ఏర్పడింది. రాపూరు బాబాయిగారి చెట్టు కథలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఆ ఊదా మొగ్గ, ఆ ఆకుపచ్చ పప్పు. ఆ రెండూ ఆ చెట్టు తల్లిదండ్రుల గుర్తులు.

నారింజ, బత్తాయి, కమలా, నిమ్మ అన్నీ వేరువేరు జాతులని మనం అనుకుంటాం. నిజానికి మనం తినేవాటిలో ఎక్కువ భాగం కొద్దిపాటి మూల జాతుల కలయికల వల్ల పుట్టినవే. వాటిలో ముఖ్యమైనవి మూడు: కమలా, పంపర పనస, మాదీఫలం (మందపాటి తొక్క ఉండే సిట్రాన్). 2018లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఈ కుటుంబం మొత్తం హిమాలయాల ఆగ్నేయపు వాలుల్లో, అంటే అస్సాం, ఉత్తర బర్మా, పశ్చిమ యునాన్ ప్రాంతంలో, 60 నుంచి 80 లక్షల సంవత్సరాల క్రితం కొమ్మలు వేసిందని తేల్చింది.

బత్తాయిలో ఉన్నది పంపర పనస, కమలాల రక్తం. కమలాను బత్తాయి నుంచి పుట్టించారని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. నేనూ కాలేజీలో చేరేదాకా అలాగే అనుకున్నాను. వరస తలకిందులైంది: బత్తాయికి కమలా పూర్వీకురాలు. రంగపూర్ నిమ్మకు తల్లి కమలా జాతి, తండ్రి మాదీఫలం. గింజలో ఆకుపచ్చ పప్పు, కమలా రంగు కండ, వదులు తొక్క తల్లి వైపువి, ఊదా మొగ్గ, పులుపు తండ్రి వైపువి. బత్తాయి గింజను చీల్చి చూడండి, పప్పు తెల్లగా ఉంటుంది.

మరొక విశేషం ఉంది. మన గూడూరు, పొదలకూరు మార్కెట్లకు వచ్చే పుల్ల నిమ్మకు తండ్రి కూడా మాదీఫలమే, తల్లి మాత్రం ఫిలిప్పీన్స్ ప్రాంతపు వేరే జాతి. అందువల్ల తాతగారు నిమ్మతోట వైపు వేలు చూపించడంలో కొంత నిజం లేకపోలేదు. పుప్పొడి ద్వారా కాకపోయినా, మీ పెరటి చెట్టూ మీ తోటలోని నిమ్మచెట్లూ తండ్రి వైపు నుంచి బంధువులే.

నెల్లూరు పండ్ల దుకాణం | జనవరి 15

అమ్మాయిగారూ, చాలా బాగా చెప్పారు. ఒక సందేహం. నాగ్‌పూర్ కాయ అసలు సిసలైన కమలాయేనా, లేక అందులోనూ కలయిక ఉందా?

వెంకటగిరి వ్యవసాయ విద్యార్థిని | జనవరి 16

ఏ కలయికా లేని కమలాలు చాలా తక్కువ, అవి చిన్నగా, పుల్లగా ఉంటాయి. తియ్యగా, పెద్దగా కాసే సాగు రకాలు చాలావాటిలో ఎప్పుడో కలిసిన పంపర పనస అంశం కొంత ఉన్నట్టు అదే పరిశోధనలో తేలింది. నాగ్‌పూర్ సంత్రాను చైనా వైపు పోంకన్ అని పిలిచే రకానికి దగ్గరిదిగా శాస్త్రజ్ఞులు లెక్కిస్తారు, ఆ పోంకన్‌లో కూడా ఈ అంశం ఉంది. అయినా బత్తాయితో పోల్చితే సంత్రా కమలా జాతికే చెందుతుంది.

అడవి బంధువులను చూడాలంటే మేఘాలయ వెళ్లాలి. గారో కొండల్లో నోక్రెక్ దగ్గర, అడవి నారింజ జాతిని కాపాడటం కోసమే 1981లో ఒక జన్యు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. ఈశాన్యంలో ఖాసీ కమలాను ఈనాటికీ ఎక్కువగా గింజ మొక్కలతోనే పెంచుతారు. గింజ వేస్తే రకం చెడిపోదా అని మీరు అడగవచ్చు. కమలా గింజ ఒక్కోదానిలో ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో సంబంధం లేకుండా తల్లి కణజాలం నుంచే పుడతాయి. అందుకే గింజ మొక్క చాలావరకు తల్లి పోలికే అవుతుంది. కాకపోతే ముళ్లు ఎక్కువ, కాపుకు ఏడెనిమిదేళ్లు ఆగాలి.

ఒంగోలు తెలుగు మాస్టారు | జనవరి 17

పండు పుట్టుక గురించి మాట్లాడుతున్నారు కనుక పేర్ల పుట్టుక గురించి కూడా నాలుగు మాటలు చేర్చడం ఉచితమనుకుంటున్నాను.

నారింజ మన ద్రావిడ భాషల సొత్తు. తమిళులు నార్తంగాయ్ అంటారు, మనం నారదబ్బ అంటాం. ఇలాంటి మాట సంస్కృతంలోకి నారంగమై వెళ్లి, అక్కడి నుంచి పారశీక, అరబ్బీ భాషల మీదుగా స్పెయిన్ చేరి, ఆపై ఐరోపా అంతటా వ్యాపించింది. కమలా అన్నది బెంగాల్ వైపు కమలా లేబు అన్న వాడుకకు చుట్టం. సంత్రా గురించి ఒక వాదం ఉంది: పోర్చుగల్‌లోని సింట్రా అనే ఊరి పేరు నుంచి వచ్చిందని. నాకు ఆ వాదం నచ్చదు. 1530లో మరణించిన బాబరు తన జ్ఞాపకాల్లో హిందుస్థాన్ పండ్లను వర్ణిస్తూ సంగ్‌తరా అన్న పేరుతో ఒక పండును చెప్పాడు. పోర్చుగీసువారు గోవాను పట్టుకున్న ఇరవై ఏళ్లలోనే ఒక ఊరి పేరు ఉత్తరాదిన అంత స్థిరపడిందనడం నమ్మశక్యంగా లేదు.

ఇక మాండరిన్ అన్న మాట వింటే పూర్తిగా చైనా మాట అనిపిస్తుంది. కానీ అది మన మంత్రి. సంస్కృత మంత్రి మలయ్ భాషలో మెంతెరి అయింది, పోర్చుగీసువారు దాన్ని మాండరిం చేసి చైనా ఉన్నతోద్యోగులకు వాడారు, ఆ పేరు తరువాత ఈ పండుకు తగిలింది. చైనాలో ఈ పండు మీద ఎంత శ్రద్ధ ఉండేదంటే, 1178లోనే హాన్ యాన్‌ఝి అనే అధికారి తాను పనిచేసిన వెన్‌ఝౌ ప్రాంతంలోని 27 రకాల నిమ్మ, నారింజ జాతులను వర్ణిస్తూ ఒక గ్రంథం రాశాడు. ఇంగ్లండుకు మాత్రం కమలా మొక్క 1805లో గానీ చేరలేదు.

మన ప్రకాశం జిల్లాలో బత్తాయి అన్నదాన్నే అనంతపురం, కడపల్లో చీనీ అంటారు. చీనీలో చైనా ఉంది, బత్తాయిలో డచ్చివారి బటావియా, అంటే నేటి జకార్తా ఉందని ఎక్కువమంది చెబుతారు.

కందుకూరు నుంచి నాగ్‌పూర్ | జనవరి 19

అందరికీ నమస్కారం. సొంతూరు కందుకూరు, పన్నెండేళ్లుగా ఉద్యోగరీత్యా నాగ్‌పూర్‌లో ఉంటున్నాను. మా ఇంటి యజమానికి కాటోల్ వైపు సంత్రా తోట ఉంది, సెలవుల్లో అక్కడికే వెళుతుంటాను.

ఇక్కడివారు చెప్పుకునే ప్రకారం, 18వ శతాబ్దంలో నాగ్‌పూర్‌ను ఏలిన రఘూజీ భోంస్లే ఔరంగాబాద్ నుంచి ఈ మొక్కలను తెప్పించి తన తోటలో నాటించారు. అక్కడి నుంచి అది కాటోల్, నర్ఖేడ్, అమరావతి జిల్లాలోని వరుడ్, మోర్షీ దాకా పాకింది. 2014లో నాగ్‌పూర్ సంత్రాకు భౌగోళిక గుర్తింపు లభించింది. కూర్గు కమలాకు అంతకు ముందే, 2006లో వచ్చింది.

వ్యాపారి సోదరులు రెండు కాపుల గురించి చెప్పారు. వాటికి ఇక్కడ పేర్లు ఉన్నాయి. మామిడి పూతతో పాటు జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూసి అక్టోబరు తరువాత కోతకు వచ్చేది ఆంబియా బహార్. మృగశిర కార్తెలో వానలు పడగానే పూసి ఫిబ్రవరి నుంచి కోతకు వచ్చేది మృగ్ బహార్. మన రైతు ఏరువాకకు ఎదురుచూసే మృగశిర కార్తే ఇక్కడ సంత్రా చెట్టుకూ గుర్తు కావడం నాకు మొదటి ఏడాది ఎంతో ఆప్యాయంగా అనిపించింది. చెట్టు ఏ కాపుకు పూయాలో రైతే నిర్ణయిస్తాడు. పూతకు ముందు కొన్ని వారాలు నీళ్లు ఆపేసి, ఆకు వాడుముఖం పట్టేదాకా ఆగి, తరువాత ఎరువు వేసి ఒక్కసారిగా తడి ఇస్తారు. మనం బెట్టకు వదలడం అన్నట్టు ఇక్కడ తాణ్ ఇవ్వడం అంటారు. నల్లరేగడి నేల తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది కాబట్టి ఎన్ని రోజులు ఆపాలన్నది నేల లోతును బట్టి ఉంటుంది.

రుచిలో నా ఓటు మృగ్ కాయకే. చలికాలమంతా చెట్టు మీద ఉండటం వల్ల రంగు, తీపి రెండూ నిండుగా వస్తాయి. వేసవిలో బావుల్లో నీళ్లుండక చాలామంది ఆంబియా వదిలేసి వాన పూత మీదే ఆధారపడుతున్నారని యజమాని చెబుతారు.

నెల్లూరు పండ్ల దుకాణం | జనవరి 19

కందుకూరు సోదరులతో ఒక్క విషయంలో ఏకీభవించలేను. మృగ్ కాయ రుచి నిజమే కానీ, అది మన దాకా వచ్చేసరికి ఎండలు ముదురుతాయి, వదులు తొక్క కాయ వారం తిరగకుండానే ముడతలు పడుతుంది. దుకాణదారుడికి ఆంబియా కాయే నిలకడ. ఇంకొక మాట, కాయను తుంచి లాగి కోస్తే తొడిమ దగ్గర తొక్క చిరిగి అక్కడే బూజు పడుతుంది. కత్తెరతో తొడిమ పొట్టిగా కత్తిరించిన పెట్టెకూ లాగి తెంపిన పెట్టెకూ మూడో రోజుకే తేడా కనిపిస్తుంది.

ఉదయగిరి ఉపాధ్యాయిని | జనవరి 22

ఈ చర్చ చదివాక నాకు ఆశ పుట్టింది. మాకు ఉదయగిరి కొండ దిగువన ఎకరంన్నర మెట్ట ఉంది, బోరు ఉంది. చలికాలంలో రాత్రిళ్లు చల్లగానే ఉంటాయి. ఎకరం నాగ్‌పూర్ కమలా వేస్తే ఎలా ఉంటుంది?

కావలి విశ్రాంత ఉద్యాన అధికారి | జనవరి 22

అమ్మా, పెరట్లో రెండు చెట్లంటే వేయండి, ఎకరం మాత్రం వద్దని నా మనవి. కారణాలు చెబుతాను.

కమలా తొక్కలోని పచ్చదనం విరిగి రంగు బయటపడాలంటే కాయ ముదిరే కాలంలో రాత్రి వేడి సుమారు 13 డిగ్రీలకు దిగి, అలా కొన్ని వారాలు ఉండాలి. కూర్గులో కొండ ఎత్తు దాన్ని ఇస్తుంది, నాగ్‌పూర్‌లో చలికాలం ఇస్తుంది. మన దగ్గర చలి కొద్ది రోజుల ముచ్చట. మన బత్తాయి లోపల పండినా పైకి పచ్చగానే ఉండటానికి కారణం ఇదే. బత్తాయిని అలా కొనడం జనానికి అలవాటు, పచ్చటి కమలాను మాత్రం పండని పచ్చికాయ అనుకుని తిరగ్గొడతారు.

రెండవది వేసవి. ఏప్రిల్, మే నెలల్లో వడగాలికి పిందె రాలిపోతుంది, నిలిచిన కాయలో రసం ఎండి తొనలు పీచుగా మారతాయి. మూడవది నీరు. ఈ జాతులన్నీ ఉప్పుకు, సున్నపు నేలకు సున్నితమైనవి, ఆకు ఈనెలు పచ్చగా మిగిలి మధ్యభాగం పసుపెక్కితే అది జింకు, ఇనుము అందని గుర్తు. బోరు నీటిని పరీక్ష చేయించకుండా ఏ చీనీ జాతినీ తోటగా వేయకండి.

పొదలకూరు నిమ్మ రైతు | జనవరి 23

అధికారిగారు చెప్పింది అనుభవపూర్వకంగా నిజం. నేను నిమ్మతోటలో సందుల్లో నలభై కమలా అంట్లు నాటాను. ఐదో ఏట కాపు వచ్చింది. కాయలు పచ్చగా ఉండగానే తొక్క ఉబ్బి, లోపల ఖాళీ ఏర్పడి, పట్టుకుంటే బుడగలా అనిపించేవి. ఒలిస్తే పైతొనల్లో రసం లేదు. రంగు వస్తుందేమోనని ఆగితే ఇంకా ఎండిపోయాయి. రెండేళ్లు చూసి కొట్టేశాను. పెరటి వైపు నీడలో ఉన్న నాలుగు చెట్లను మాత్రం ఉంచాను. వాటి కాయలు డిసెంబరులో కాస్త పసుపు తిరగ్గానే కోసుకుంటే ఇంటికి సరిపోయేంత రుచిగానే ఉంటాయి. ఉదయగిరి అక్కగారు అమ్మకానికైతే నిమ్మ లేదా బత్తాయి చూసుకోవడం మేలు.

ఉదయగిరి ఉపాధ్యాయిని | జనవరి 23

స్పష్టంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎకరం ఆలోచన మానుకున్నాను, నీటి పరీక్షకు మాత్రం రేపే ఇస్తాను. మా అమ్మమ్మ ఇంట్లో కూర్గు నుంచి వచ్చే బంధువులు తెచ్చిన కమలాతొక్కలను ఎండబెట్టి నలుగుపిండిలో కలిపేవారు. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. కూర్గులో ఇప్పుడు ఆ తోటలు తగ్గిపోయాయని విన్నాను, నిజమేనా?

వెంకటగిరి వ్యవసాయ విద్యార్థిని | జనవరి 24

నిజమే అక్కా. అక్కడ కమలా విడి తోట కాదు, కాఫీ తోటల్లో కాఫీతో కలిపి పెంచే చెట్టు. ఆకుపచ్చ తెగులు, తరువాత వేరుకుళ్లు, పోషక లోపాలు కలిసి దశాబ్దాల తరబడి ఆ చెట్లను క్షీణింపజేశాయి. ఆకుపచ్చ తెగులుకు కారణం చెట్టు నాళాల్లో నివసించే ఒక బాక్టీరియా, దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది చిన్న సిల్లిడ్ పురుగు. సోకిన చెట్టు ఆకుల్లో ఎగుడుదిగుడు మచ్చలు వస్తాయి, కాయ వంకరగా పెరిగి పచ్చగానే ఉండిపోతుంది. సోకిన చెట్టును నయం చేసే మందు లేదు. తెగులు లేని తల్లిచెట్టు నుంచి కన్ను తీసుకోవడమే రక్షణ. అందుకే రాపూరు బాబాయిగారు ఈసారి మొక్క గానీ కన్ను గానీ తెచ్చుకునేటప్పుడు విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాల నుంచి తెచ్చుకోవాలని నా విన్నపం.

రాపూరు తోట | జనవరి 26

చర్చ అంతా నాయనకు చదివి వినిపించాను. మాదీఫలం తండ్రి అన్న మాట దగ్గర ఆయన రెండుసార్లు ఆపి మళ్లీ చదివించుకున్నారు. చెట్లను కొట్టేయమని ఇంట్లో ఎవరూ అనడం లేదు. వేరు అంత బలమైనదైతే దాని మీదే మళ్లీ సంత్రా కన్ను కట్టవచ్చా?

కావలి విశ్రాంత ఉద్యాన అధికారి | జనవరి 27

తప్పకుండా కట్టవచ్చు, ఆరేళ్ల వేరు చేతిలో ఉండగా కొత్త మొక్క కోసం ఎదురుచూడటం ఎందుకు? ఒక చెట్టునే తీసుకోండి. కాయ కోసిన తరువాత ఫిబ్రవరిలో ప్రధాన కొమ్మలను నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో రంపంతో కోయండి. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి, ఎండ తగిలే మొదలుకు సున్నం కొట్టండి. ఒక్క కొమ్మను మాత్రం కోయకుండా వదలండి, వేరుకు అది ఆహారం పంపుతుంది. కొత్త చిగుళ్లు వచ్చాక కొమ్మకు రెండు బలమైనవి ఉంచి మిగిలినవి తీసేయండి. అవి పెన్సిలు లావయ్యాక, బెరడు సులువుగా విడివడే రోజుల్లో, టి ఆకారంలో గాటు పెట్టి కన్ను దూర్చి పాలిథిన్ పట్టీతో కట్టండి. మూడు వారాల తరువాత విప్పితే కన్ను పచ్చగా ఉండాలి. ఆపైన కన్నుకు కింద వచ్చే ప్రతి చిగురునూ గిల్లేయాలి. ఈ చివరి పని మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

రాపూరు తోట | అక్టోబరు 9

చర్చ మొదలుపెట్టి తొమ్మిది నెలలైంది, జరిగింది చెప్పడం నా బాధ్యత. ఫిబ్రవరిలో ఒక చెట్టును చెప్పినట్టే కోశాను. ఆగస్టు చివర్లో పరిశోధన స్థానం నుంచి తెచ్చిన కన్నులు ఆరు కట్టాం. పొదలకూరు సోదరులు స్వయంగా వచ్చి చేయి పట్టి చూపించారు. నిమ్మకు అంటు కట్టిన చేయి కాబట్టి ఆయన గాటు పెట్టే తీరే వేరు. మూడు వారాలకు పట్టీలు విప్పితే నాలుగు పచ్చగా ఉన్నాయి, రెండు నల్లబడ్డాయి. ఈ వారం రెండింటికి చిగురు వచ్చింది. ఆ చిగురులో ఊదా లేదు. సన్నటి ఆకు, ఇరుకు రెక్క, అధికారిగారు జనవరిలో రాసినట్టే ఉంది. కన్నుల కింద లేస్తున్న చిగుళ్లను ప్రతి ఆదివారం పిల్లలే లెక్కపెట్టి గిల్లుతున్నారు.

రెండో చెట్టును ముట్టుకోలేదు. అమ్మ ఒప్పుకోలేదు. దాని కాయలు ఈ మధ్యే పసుపు తిరుగుతున్నాయి, ఇంకొక నెలలో చారుకు వస్తాయి.